‘కార్టర్‌హా నాది’ అన్న అమ్మాయి

ఎడిన్‌బరాలో చదువుకున్న రోజుల గురించి అడిగితే అందరూ కోట గురించి, చలి గురించి, నవంబర్లో నాలుగింటికే దిగే చీకటి గురించి చెప్తారు. నాకు మాత్రం ముందు ఒక పాట గుర్తొస్తుంది. దాని పేరు టామ్ లిన్. స్కాట్లాండ్ దక్షిణాన, ఇంగ్లండ్ సరిహద్దు వైపు ఉండే కొండల్లో పుట్టిన కథాగేయం అది. ఎవరు కట్టారో తెలియదు. స్కాట్లాండ్ వాళ్ల సొంత భాష స్కాట్స్‌లో రాసిన 1549 నాటి ఒక పుస్తకంలో గొర్రెల కాపరులు చెప్పుకునే కథల పేర్లు వరసగా ఇస్తూ అందులో దీన్ని కూడా చేర్చారు, అంటే అప్పటికే జనం నోళ్లలో నానుతున్న కథ అన్నమాట. నా దగ్గరికి అది వచ్చి కూడా చాలా ఏళ్లయింది. తెలిసిన వాళ్లందరికీ నోటితో చెప్పాను గానీ తెలుగులో కూర్చుని రాయడం ఇదే.

2007లో ఎమ్మెస్సీ కోసం వెళ్లాను. మా క్లాసులో సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది, ఆ అమ్మాయే నన్ను ఒక రాత్రి ఫారెస్ట్ రోడ్డులో ఉన్న శాండీ బెల్స్‌కి తీసుకెళ్లింది. అది పబ్బే, కానీ ఊరంతటికీ జానపద సంగీతం కోసం తెలిసిన చోటు. స్టేజీ ఉండదు, మైకు ఉండదు, టికెట్ ఉండదు. ఒక బల్ల చుట్టూ ఫిడేళ్లు, ఫ్లూట్లు పట్టుకుని కొందరు కూర్చుని వాయిస్తుంటారు, తెలిసినవాళ్లు వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కలిసిపోతారు. నేను ఆరెంజ్ జ్యూస్ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. బాగా పొద్దుపోయాక వాయిద్యాలు పక్కన పెట్టేశారు. అరవై దాటిన ఒకావిడ, అప్పటిదాకా మూల కూర్చుని అల్లిక అల్లుకుంటున్నావిడ, ఎవరో అడిగితే పాట ఎత్తుకుంది.

ఆవిడ పాడిన తీరు చెప్పాలి. కళ్లు మూసుకుంది, చేతులు ఒళ్లో పెట్టుకుంది, ఏ వాయిద్యమూ లేదు. గొంతు గొప్పగా ఉందని మనం అనుకోవాలన్న ఆరాటం లేదు, ఏడిపించాలన్న ప్రయత్నం లేదు. పువ్వు కోసిన సంగతీ, మనిషి పాముగా మారిన సంగతీ ఒకే తీరుగా, జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోతోంది. స్కాట్స్ మాటలు నాకు సగానికి సగం అందలేదు. జానెట్ అనే పేరు, టామ్ లిన్ అనే పేరు, గులాబీ, ఆకుపచ్చ రంగు, గుర్రాలు, ఇవి మాత్రం మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పది నిమిషాలకు పైగానే పాడింది. అంత రద్దీలోనూ ఒక్కళ్లు మాట్లాడలేదు, కౌంటర్ దగ్గర కుర్రాడు గ్లాసులు కడగడం కూడా ఆపేశాడు. చివర్లో ఎవరో ఒక స్త్రీ కోపంతో శపిస్తున్నట్టు అర్థమైంది, అంతలోనే పాట ఆగిపోయింది. పెళ్లి లేదు, మంగళం లేదు.

ఇంటికి నడిచి వెళ్తూ దారంతా నా ఫ్రెండ్ చేత కథ చెప్పించుకున్నాను.

కార్టర్‌హా అని ఒక అడవి ఉంది. జుట్టులో బంగారం పెట్టుకునే కన్నెపిల్లలెవరూ అటు పోవద్దు, అక్కడ టామ్ లిన్ ఉన్నాడు, పోయినవాళ్లు ఉంగరమో, ఆకుపచ్చ పైవస్త్రమో, లేదంటే కన్నెతనమో ఇవ్వకుండా తిరిగి రారు అని పాట మొదట్లోనే హెచ్చరిక. తర్వాతి చరణంలోనే జానెట్ పావడా మోకాలి పైకి ఎగదోపుకుని, పసుపుపచ్చటి జుట్టు జడలల్లుకుని అటే బయల్దేరుతుంది. ఎందుకు వెళ్లిందో పాట చెప్పదు. వద్దన్నారు, వెళ్లింది. అక్కడ ఊట దగ్గర గుర్రం కనిపిస్తుంది, మనిషి కనిపించడు. జంట గులాబీ కొయ్యగానే ఎదురుగా లేచి నిలబడతాడు. నన్ను అడక్కుండా పువ్వెందుకు కోశావు, నన్ను అడక్కుండా కార్టర్‌హాకి ఎందుకొచ్చావు అంటాడు. అప్పుడు జానెట్ ఇచ్చే జవాబు కోసమే నేను ఈ పాటను ఇన్నేళ్లు మోస్తున్నాననిపిస్తుంది: కార్టర్‌హా నాది, మా నాన్న నాకిచ్చాడు, వస్తాను పోతాను, నిన్ను అడిగేదేంటి.

అక్కడ పాట ఒక్క దూకు దూకుతుంది. ఆ తర్వాత చరణంలో జానెట్ ఇంట్లో ఉంది, ఇరవై నలుగురు ఆడపిల్లలు బంతాట ఆడుకుంటుంటే తను ముఖం గాజులా పచ్చబడి కూర్చుంది. మధ్యలో ఏం జరిగిందో మనమే అర్థం చేసుకోవాలి. కొన్ని పాఠాల్లో మాత్రం అది చెప్పారు. టామ్ లిన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ఆమెను అడగలేదు అని ఉంటుంది. ఆ చరణం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, అది లేని పాఠమే నేను పాట అనుకుంటాను.

కోట గోడ మీద నుంచి తొంగి చూసిన ఒక ముసలి యోధుడు, అయ్యో జానెట్, నీ వల్ల మా అందరికీ మాటొస్తుంది అంటాడు. నోర్ముయ్, నీకు చెడ్డ చావు రాను, నా బిడ్డకు తండ్రి ఎవరో నేను చెప్పుకుంటాను, నీ పేరు మాత్రం చెప్పను పో అంటుంది జానెట్. ఆ తర్వాత తండ్రి వస్తాడు. ఆయన అరవడు. మెత్తగా, నెమ్మదిగా, జానెట్, తల్లీ, నువ్వు కడుపుతో ఉన్నావనిపిస్తోంది అంటాడు. ఉంటే ఆ నింద నాదే నాన్నా, నీ కొలువులో ఉన్న ఏ దొర పేరూ ఈ బిడ్డకు పెట్టను, నావాడు మానవుడు కాడు, వాడి గుర్రం గాలికన్నా తేలిక, ముందు కాళ్లకు వెండి నాడాలు, వెనక కాళ్లకు మండే బంగారం, నీ దొరలందర్నీ ఇచ్చినా వాణ్ని ఇవ్వను అంటుంది.

మళ్లీ కార్టర్‌హాకి వెళ్తుంది. ఈసారి వెళ్లింది కడుపు పోగొట్టుకోవడానికని తెలుస్తుంది, ఎందుకంటే మొక్క తుంచగానే టామ్ లిన్ వచ్చి మన బిడ్డను ఎందుకు చంపుతావని అడుగుతాడు. అప్పుడు జానెట్ అడగాల్సిన ప్రశ్న అడుగుతుంది. నువ్వెప్పుడైనా చర్చిలో అడుగుపెట్టావా, నీది మనిషి పుట్టుకేనా? మనిషినే అంటాడు. రాక్స్‌బరా తన తాత. ఒక చలిరోజు వేట నుంచి తిరిగొస్తూ గుర్రం మీద నుంచి పడిపోతుంటే ఫెయిరీల రాణి పట్టుకుని ఆ పచ్చని కొండ లోపలికి తీసుకుపోయింది. హాయిగానే ఉంది అక్కడ. కానీ ఫెయిరీలు ఏడేళ్లకొకసారి నరకానికి పన్ను కట్టాలి, రైతు పంటలో పదోవంతు చర్చికి ఇచ్చినట్టు, తమలో ఒకర్ని ఇచ్చెయ్యాలి. నేను కండపట్టి అందంగా ఉన్నాను, ఈసారి నన్నే ఇస్తారని భయంగా ఉంది అంటాడు. ఈ రాత్రే హాలోవీన్. నడిరాత్రి మైల్స్ క్రాస్ దగ్గర వాళ్ల ఊరేగింపు వెళ్తుంది. నల్ల గుర్రాన్ని పోనీ, గోధుమరంగు గుర్రాన్ని పోనీ, పాలలాంటి తెల్ల గుర్రం రాగానే పరిగెత్తి రౌతును కిందికి లాగు. నా కుడిచేతికి తొడుగు ఉంటుంది, ఎడమచెయ్యి ఖాళీగా ఉంటుంది, అదే గుర్తు. నీ చేతుల్లోనే నన్ను పాముగా మారుస్తారు, ఎలుగుబంటిగా మారుస్తారు, సింహంగా మారుస్తారు, ఎర్రగా కాలిన ఇనుపకడ్డీగా మారుస్తారు. గట్టిగా పట్టుకో, భయపడకు, నేను నీ బిడ్డ తండ్రిని. ఆఖరికి నిప్పుకణికను అవుతాను, అప్పుడు ఊటనీళ్లలో పడెయ్యి. బట్టలు లేని మనిషిగా లేస్తాను, నీ ఆకుపచ్చ పైవస్త్రం కప్పి దాచెయ్యి.

జానెట్ ఆ చీకట్లో, ఆ చలిలో ఒంటరిగా వెళ్లి నిలబడుతుంది. నడిరాత్రి గుర్రాల కళ్లేల గంటలు వినిపిస్తాయి. ఈ భూమ్మీద ఏ సంతోషానికీ తీసిపోనంత సంతోషం కలిగింది ఆ చప్పుడు వినగానే అని పాట చెప్తుంది. భయం గురించి ఒక్క మాట లేదు. నాకు ఇది చాలా ఇష్టం. అంతా ఆయన చెప్పినట్టే జరుగుతుంది, ఆమె వదలదు, గెలుస్తుంది. పొదలోంచి రాణి గొంతు వినిపిస్తుంది, నా పరివారంలో అందరికన్నా అందగాణ్ని ఎత్తుకుపోయింది, దాని ముఖం మండ అని. టామ్ లిన్, ఇలా జరుగుతుందని తెలిసుంటే నీ కళ్లు రెండూ పెరికి కొయ్యకళ్లు పెట్టి ఉండేదాన్ని అని.

ఆ ఆదివారం ఖమ్మంలో అమ్మకు ఫోన్ చేసి కథ మొత్తం చెప్పాను, కాలింగ్ కార్డులో నిమిషాలు అయిపోతాయని టెన్షన్ పడుతూనే. అమ్మ టీవీ కట్టేసి విన్నది. మనిషి పాముగా, సింహంగా మారడం ఆమెకు వింతేమీ కాదు, ఊఁ కొడుతూ దాటేసింది. జానెట్ కడుపుతో ఉందన్న దగ్గర ఆపింది.

“వాళ్ల నాయన ఏమన్నాడే?”

“కోప్పడలేదమ్మా. మెల్లగా అడిగాడంట, తల్లీ, నువ్వు కడుపుతో ఉన్నట్టున్నావు అని.”

“కొట్టలేదా?”

“లేదు.”

“ఎప్పటి పాట ఇది?”

“నాలుగైదొందల ఏళ్లది అంటున్నారు.”

“అప్పట్లోనే అట్లా అడిగినోడు ఉన్నాడా,” అంది అమ్మ. కాసేపు అవతల నుంచి ఏం వినపడలేదు, కార్డు అయిపోయిందనుకున్నాను. తర్వాత వారం నేను ఫోన్ చేయగానే, మీ పిన్ని వచ్చింది, ఆ పిల్ల కథ మళ్లీ చెప్పు అని స్పీకర్లో పెట్టింది. పిన్నికి ముసలి యోధుణ్ని జానెట్ తిట్టిన తిట్టు తెగ నచ్చింది.

పబ్‌లో పాడినావిడ వెళ్లే ముందు నాతో ఒక మాట చెప్పింది, లైబ్రరీకి వెళ్లి చైల్డ్ కావాలని అడుగు, ముప్పై తొమ్మిదో నంబరు అని. యూనివర్సిటీ లైబ్రరీలో దొరికింది. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అమెరికాలో హార్వర్డ్ ప్రొఫెసర్. ఇంగ్లండ్, స్కాట్లాండ్ కథాగేయాలు 305 పోగుచేసి, ఒక్కోదానికి దొరికిన పాఠాలన్నీ పక్కపక్కన అచ్చువేశాడు. 1882లో మొదటి భాగం వచ్చింది, ఆఖరిది 1898లో, అది అచ్చయ్యేనాటికి ఆయన లేడు. అందుకే ఈ పాటలను పేరుతో పాటు నంబరుతో కూడా పిలుస్తారు. టామ్ లిన్ 39. పాఠాలు పదికి పైగా ఉన్నాయి. ఒకదాంట్లో జానెట్, ఇంకోదాంట్లో మార్గరెట్. ఒకచోట టామ్ లిన్, ఒకచోట టామ్‌లేన్. చేతుల్లో మారే జంతువులు కూడా పాఠాన్ని బట్టి మారతాయి. అన్నిటికన్నా ముందు పెట్టిన పాఠం రాబర్ట్ బర్న్స్ ఇచ్చింది. స్కాట్లాండ్ వాళ్లకు ఆయన ఎంతటి కవో చెప్పనక్కర్లేదు, జనవరి 25న ఆయన పుట్టినరోజుకు ఇప్పటికీ విందులు చేస్తారు. ఆ బర్న్స్ తన చివరి ఏళ్లలో సొంత కవిత్వం కన్నా జనం పాటలు పోగుచెయ్యడం మీదే ఎక్కువ పనిచేశాడు, పాటకు ఇంత అని డబ్బు తీసుకోకుండా. ఆయన 1796లో చనిపోయాడు, టామ్ లిన్ అచ్చయిన పాటల సంపుటం కూడా దాదాపు అప్పుడే వచ్చింది.

చైల్డ్ రాసిన ముందుమాట చదువుతుంటే ఇంకో తలుపు తెరుచుకుంది. చేతుల్లో రూపాలు మారేవాళ్లను వదలకుండా పట్టుకుని గెలవడం అన్నది గ్రీకు పురాణంలో పీలియస్ అనే వీరుడు, థెటిస్ అనే సముద్రదేవత కథలో ఉంది, క్రీట్ దీవిలో పందొమ్మిదో శతాబ్దంలో కూడా అలాంటి కథ చెప్పుకునేవారు అని చూపించాడు. అంత దూరాన, అంత పాతకాలంలో. ఆ రాత్రి హాస్టల్ గదిలో నిద్ర పట్టలేదు నాకు.

ఈ ఫెయిరీల గురించి ఒక మాట. రెక్కలు, మంత్రదండం, తళుకుల గౌను, ఇవేవీ ఇక్కడ లేవు. స్కాట్లాండ్ పల్లెల్లో వాళ్లు నిజంగా భయపడిన జనం వీళ్లు. మనుషుల ఎత్తులోనే ఉంటారు, పచ్చటి దిబ్బల కింద, బోలు కొండల లోపల కాపురం ఉంటారు, గుర్రాలు తోలుకుంటారు, విందులు చేసుకుంటారు. పేరు పెట్టి పిలిస్తే కోపం వస్తుందని ‘మంచి ఇరుగుపొరుగు’ అనేవారు, గేలిక్ మాట్లాడే కొండప్రాంతాల్లో ‘శాంతి జనం’ అనేవారు. ఆకుపచ్చ వాళ్ల రంగు, అందుకని ఆడవాళ్లు ఆ రంగు కట్టుకోవడానికి జంకేవారు. ఇది తెలిశాక జానెట్ ఆకుపచ్చ బట్ట కట్టుకుని వాళ్ల అడవిలోకే నడిచిందంటే ఎంత తెగువో అర్థమవుతుంది. పసిబిడ్డల్ని ఎత్తుకెళ్లి తమ బిడ్డను పెట్టిపోతారని తొట్టెలో ఇనుము పెట్టేవారు. వాళ్లు తిరిగే రాత్రుల్లో పెద్దది అక్టోబర్ 31, పాత కెల్టిక్ లెక్కలో ఏడాదిలో ఎండకాలపు సగం పోయి చలికాలపు సగం మొదలయ్యే సంధి, గేలిక్‌లో దాని పేరు సౌఇన్. హాలోవీన్ అంటే గుమ్మడికాయలు, చాక్లెట్లు అనుకునే నాకు, ఎడిన్‌బరాలో ఆ రాత్రి రాయల్ మైల్ అనే పాత వీధి మీద కాగడాలతో, ఒళ్లంతా రంగులతో, డప్పుల మోతతో సాగిన సౌఇన్ ఊరేగింపు చూశాక ఆ పండుగ వయసు తెలిసింది.

ఆ నమ్మకం వల్ల ప్రాణాలు కూడా పోయాయి. 1576లో ఐర్‌షైర్‌కి చెందిన బెస్సీ డన్‌లప్ అనే ఆవిడను మంత్రగత్తె అని విచారించారు. 1547లో పింకీ యుద్ధంలో చనిపోయిన టామ్ రీడ్ అనే అతను తనకు కనిపిస్తాడని, ఫెయిరీల దగ్గర ఉంటున్నాడని, మందులు చెప్తాడని, ఆ మందులతో జనానికి, పశువులకు నయం చేశానని ఆవిడ చెప్పింది. తగలబెట్టారు. చచ్చిపోయాడనుకున్న మనిషి కొండ లోపల బతికే ఉన్నాడన్న మాట కోర్టు రికార్డులో ఉంది, పాటలోనూ ఉంది. పాటలో ఒక అమ్మాయి అతన్ని వెనక్కి తెచ్చుకుంది.

ఇంకొకాయన రాబర్ట్ కర్క్, అబర్‌ఫోయిల్ అనే ఊళ్లో పాస్టరు. తన చుట్టుపక్కల జనం ఫెయిరీల గురించి ఏం నమ్ముతారో ఎంతో శ్రద్ధగా 1691 ప్రాంతంలో రాసిపెట్టాడు. మరుసటి ఏడాది ఊరి పక్క డూన్ హిల్ మీద నడుస్తూ పడి చనిపోయాడు. చనిపోలేదు, రహస్యాలు రాసినందుకు వాళ్లే లోపలికి తీసుకుపోయారు అని ఊళ్లోవాళ్లు చెప్పుకున్నారు. ఒక శనివారం అక్కడికి కూడా వెళ్లాం. కొండ నెత్తిన ఒక పెద్ద పైన్ చెట్టు, దాని చుట్టూ కొమ్మలకు గుడ్డపీలికలు, రిబ్బన్లు, కోరికలు రాసిన కాగితాలు, అచ్చం మన దగ్గర గుడి చెట్టుకు ముడుపులు కట్టినట్టే. ఎవరూ నవ్వడం లేదు అక్కడ. పిల్లలు కూడా మెల్లగా మాట్లాడుతున్నారు.

కార్టర్‌హా నిజంగా ఉన్న చోటు అని తెలిసిన రోజు నుంచీ వెళ్లాలనే ఉంది. మే నెల వచ్చేదాకా కుదరలేదు. అప్పట్లో అటు రైలు లేదు, పాత లైను 1969లోనే మూసేశారు, మళ్లీ ట్వీడ్‌బ్యాంక్ దాకా వేసింది 2015లో. ఎక్స్ 95 బస్సు ఎక్కి గొర్రెలు తప్ప ఇంకేం కనపడని గుండ్రటి కొండల మధ్య నుంచి సెల్‌కర్క్‌లో దిగాం. బజారు మధ్యలో రచయిత వాల్టర్ స్కాట్ విగ్రహం ఉంటుంది, ఆయన 1799 నుంచి చనిపోయేదాకా అక్కడ జిల్లా న్యాయాధికారి. అక్కడ కిస్మిస్ పళ్లు దట్టించిన సెల్‌కర్క్ బానక్ అనే రొట్టె దొరుకుతుంది, అది కొనుక్కుని నడక మొదలుపెట్టాం.

ఎట్రిక్, యారో అని రెండు చిన్న నదులు. అవి కలిసే చోట మధ్యలో ఉన్న చదునైన నేల కార్టర్‌హా. పొలం, పచ్చిక, గట్ల వెంట చెట్లు. దట్టమైన అడవి ఏమీ లేదు. రోడ్డు పక్కన రాళ్లు పేర్చి కట్టిన చిన్న ఊట, దానికి టామ్‌లేన్ పేరు. నీళ్లు సన్నగా కారుతున్నాయి, చెయ్యి పెడితే ఎముకలు జివ్వుమన్నాయి. గట్టు మీద బ్రూమ్ పొదలు పసుపురంగు పూలతో విరగబూసి ఉన్నాయి. బర్న్స్ పాఠంలో రాణి మాట్లాడేది బ్రూమ్ పొదలోంచే. నా ఫ్రెండ్ అది చూపించి, ఇక్కడే ఎక్కడో నిలబడి తిట్టి ఉంటుంది అంది. ఇదే నేల మీద 1815 డిసెంబర్లో సెల్‌కర్క్ వాళ్లకూ, యారో లోయ వాళ్లకూ పెద్ద ఫుట్‌బాల్ పోటీ జరిగిందని, స్కాట్, జేమ్స్ హాగ్ దగ్గరుండి జరిపించారని కూడా చెప్పింది. రెండు నదులు కలిసే ఆ మూలకు వెళ్లి కూర్చుని, ఫోటోకాపీ తీసుకెళ్లిన పాట మొదట్నుంచీ చివరిదాకా పైకి చదువుకున్నాం. కార్టర్‌హా నాది అన్న చరణం తను నా చేతే చదివించింది.

జేమ్స్ హాగ్ పేరు వచ్చింది కాబట్టి వాళ్లమ్మ గురించి చెప్పకుండా ఉండలేను. హాగ్ ఎట్రిక్ లోయలో గొర్రెలు కాసినవాడు, కవి. వాళ్లమ్మ మార్గరెట్ లెయిడ్‌లాకు లెక్కలేనన్ని పాటలు వచ్చు. ఆమె తండ్రి, ఆ లోయలో ఫెయిరీలతో మాట్లాడిన ఆఖరి మనిషి అని పేరు పొందినవాడు. స్కాట్ సరిహద్దు ప్రాంతపు కథాగేయాలు పోగుచేసి 1802లో రెండు సంపుటాలు వేశాడు, అందులో టామ్‌లేన్ కూడా ఉంది, మధ్య మధ్యలో ఎవరో కొత్తగా కట్టిన చరణాలు కలిపి. మరిన్ని పాటల కోసం ఈవిడ ఇంటికి వచ్చాడు. ఆవిడ పాడి వినిపించి, ఆ తర్వాత ఆయన్ను నిలదీసిందట: మీరు అచ్చు వేసేదాకా నా పాటలు ఎవరూ అచ్చు వెయ్యలేదు, అవి పాడుకోవడానికి పుట్టాయి, చదువుకోవడానికి కాదు, మీరు వాటి మహిమ పోగొట్టారు, ఇక వాటిని ఎవరూ పాడరు. పైగా మీరు రాసినవి తప్పులు అని కూడా అంది. ఇదంతా హాగ్ తర్వాత రాసిపెట్టాడు. ఊరికంతటికీ న్యాయాధికారి అయిన మనిషి ముందు ఒక గొర్రెల కాపరి తల్లి అలా మాట్లాడిందంటే, ఆ లోయ పాటల్లో జానెట్ ఉండటం నాకు ఆశ్చర్యంగా అనిపించదు.

ఇక ఎవరూ పాడరు అన్న మాట మాత్రం నిజం కాలేదు. ఊరూరా తిరిగి బతికే ట్రావెలర్ కుటుంబాలు డేరాల ముందు మంట చుట్టూ కూర్చుని కథాగేయాలు పాడుతూనే ఉన్నాయి. ఎడిన్‌బరా యూనివర్సిటీలో 1951లో స్కాటిష్ అధ్యయనాల విభాగం పెట్టాక హామిష్ హెండర్సన్ లాంటివాళ్లు టేపు రికార్డర్ మోసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లారు, 1953లో అబర్డీన్‌లో జీనీ రాబర్ట్‌సన్ అనే గాయని అలాగే బయటి ప్రపంచానికి తెలిసింది. చదువుకున్న పెద్దలు పోయిందనుకున్న పాట పేదల గొంతుల్లో పదిలంగా ఉంది. అది విన్నప్పుడు నాకు గుండె నిండిపోయింది, ఎందుకంటే మా ఊళ్లో నాట్లేసేటప్పుడు పాడిన పాటల్లో నేను ఒక్కటి కూడా రాసి పెట్టుకోలేదు, ఆ వచ్చిన సెలవుల్లో రికార్డర్ కొనుక్కుని అమ్మ వెంటా పిన్ని వెంటా పడ్డాను. దొరికినన్ని దొరికాయి, వాటి గురించి విడిగా రాస్తాను.

ఇప్పుడు టామ్ లిన్ వినాలంటే శాండీ బెల్స్ దాకా వెళ్లక్కర్లేదు. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం 1969లో పాడింది అందరికీ తేలిగ్గా దొరుకుతుంది. ఆ ఏడాది మే నెలలో వాళ్ల వ్యాను ప్రమాదానికి గురై డ్రమ్స్ వాయించే మార్టిన్ లాంబుల్ చనిపోయాడు, అతనికి ఇరవై ఏళ్లు కూడా లేవు. మిగిలినవాళ్లు ఒక పల్లెటూరి ఇంట్లో కలిసి ఉండి, పాత పాటల్లో తలదాచుకుని, కొత్తగా మొదలుపెట్టారు. శాండీ డెన్నీ గొంతు, డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలు, వెనక ఎలక్ట్రిక్ గిటార్ల ఉరుము, ఏడు నిమిషాలకు పైగా సాగుతుంది. తాళం కాస్త తడబడుతున్నట్టు ఉంటుంది మొదట్లో, రెండోసారి వింటే గుర్రం నడక అని తెలుస్తుంది. వాయిద్యాలు లేకుండా, నేను మొదట విన్నట్టు వినాలంటే ఆన్ బ్రిగ్స్ 1971లో పాడింది ఉంది, అందులో పేరు యంగ్ టాంబ్లింగ్. పది నిమిషాలు దాటుతుంది, ఇంట్లో అందరూ పడుకున్నాక పెట్టుకోండి.

ఈ మధ్య నేను ఎక్కువగా ఆలోచించేది ఫెయిరీల రాణి గురించి. చిన్న వయసులో ఆవిడ నాకు దుర్మార్గురాలిగానే కనిపించింది. ఇప్పుడు వింటుంటే ఆవిడ పోగొట్టుకున్నది కూడా కనిపిస్తోంది. గుర్రం మీద నుంచి పడిపోతున్నవాణ్ని పట్టుకున్నది ఆవిడే కదా, చచ్చిపోవాల్సిన కుర్రాణ్ని ఏళ్ల తరబడి దగ్గర పెట్టుకుంది. నరకానికి అప్పగించడానికి నిజంగా అతన్నే ఎంచుకుందో లేదో పాట ఎక్కడా చెప్పదు, అది టామ్ లిన్ భయం మాత్రమే. అయినా కట్టినవాళ్లు ఎవరో గానీ చివరి మాట గెలిచిన జానెట్‌కి ఇవ్వలేదు, టామ్ లిన్‌కి ఇవ్వలేదు, ఓడిపోయిన రాణికి ఇచ్చారు. నేను విన్న గాయనులు ఆ రెండు చరణాలూ ఒక్కొక్కరు ఒక్కోలా పాడతారు. శాండీ డెన్నీ దగ్గర అది కోపం. శాండీ బెల్స్‌లో పాడినావిడ దగ్గర మాత్రం కోపం లేదు. కొయ్యకళ్లు అన్న చోట గొంతు బాగా తగ్గించి, దాదాపు మాట్లాడుతున్నట్టు అనేసి, కళ్లు తెరిచి అల్లిక మళ్లీ చేతిలోకి తీసుకుంది.